మాండలికం – న్యాయవిచారణ: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల తెలుగు ఆధారంగా

మాండలిక అధ్యయనంలో పరిశోధకుడు మొట్టమొదట అడిగే ప్రశ్న "ఈ మాట ఎక్కడ వాడుకలో ఉంది?" అన్నది. ఇది కేవలం భౌగోళికమైన ప్రశ్నగా కనిపిస్తుంది. పటం మీద ఊళ్లను గుర్తించి, మాట మారిన చోట గీత గీస్తే సమాధానం దొరికినట్లే. అయితే అదే మాట తన ఊరు దాటి పరీక్ష పత్రంలోకో, ఉద్యోగపు మౌఖిక పరీక్షకో, పత్రికా వ్యాసంలోకో వచ్చినప్పుడు మరొక ప్రశ్న ఎదురవుతుంది: "ఈ మాట ఇక్కడ వాడవచ్చునా?" మొదటి ప్రశ్నకు భాషాశాస్త్రం జవాబు చెబుతుంది. రెండవ ప్రశ్నకు ఎక్కువగా అలవాటే జవాబు చెబుతూ వచ్చింది. ఆ జవాబు న్యాయమైనదేనా అని విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల చుట్టూ ఉన్న తెలుగును ఆధారంగా తీసుకుంటున్నాను.

ఈ ప్రాంతాన్నే ఎంచుకోవడానికి కారణముంది. ఇది పూర్వపు రేనాటి సీమ. తెలుగులో వెలువడిన తొలి శాసనాలుగా పండితులు లెక్కించే కలమళ్ల, ఎర్రగుడిపాడు శాసనాలు రేనాటి చోళులవి, సా.శ. 6వ శతాబ్ది చివరి పాదానికి చెందినవి. కలమళ్ల ప్రొద్దుటూరుకు చేరువలో, ఎర్రగుంట్ల మండలంలో ఉంది. 2008లో తెలుగుకు ప్రాచీన భాషా ప్రతిపత్తి లభించిన సందర్భంలో ఈ శాసనాల పేర్లు వినిపించని తెలుగు సభ లేదంటే అతిశయోక్తి కాదు. ఒక భాష తన ప్రాచీనతకు సాక్ష్యంగా ఏ నేలను చూపిస్తుందో, ఆ నేల మీద నేడు మాట్లాడే మాటను 'యాస' అని పక్కన పెట్టడం విచిత్రమైన పరిస్థితి. శిలను గౌరవించినంత సులువుగా నోటిని గౌరవించలేకపోతున్నాం.

ఇక్కడి మాటతీరు తెలియని పాఠకులకు కొన్ని రూపాలు చూపడం అవసరం. కోస్తా మధ్య జిల్లాలలో 'చేస్తున్నాను' అనేచోట ఇక్కడ 'చేస్తాండాను' అంటారు. 'ఉన్నాడు', 'ఉంది' అనేచోట 'ఉండాడు', 'ఉండాది' వినిపిస్తాయి. 'ఎక్కడ', 'అక్కడ', 'ఇక్కడ' అనేవాటికి 'యాడ', 'ఆడ', 'ఈడ' వాడతారు. ఇళ్లు, కళ్లు, పళ్లు ఇక్కడ ఇండ్లు, కండ్లు, పండ్లు. నాగలి 'మడక', మోట 'కపిల', ఉల్లిపాయ 'ఎర్రగడ్డ', బంగాళదుంప 'ఉర్లగడ్డ', బత్తాయి 'చీనీ', ఊడ్చి పారవేసే చెత్త 'కసువు'. వేరుసెనగను రైతులు 'శెనక్కాయలు' అంటారు. వీటిలో అనేకం అనంతపురం, కర్నూలు, చిత్తూరు జిల్లాలలోనూ, కొన్ని నెల్లూరులోనూ వాడుకలో ఉన్నవే.

ఈ పట్టికలో కొంచెం ఆగి చూడవలసిన సంగతి ఒకటుంది. 'ఉండాడు' అన్న రూపంలో 'ఉండు' ధాతువు చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. 'ఉన్నాడు' అన్నదానిలో ధాతువులోని డకారం నకారంలో కలిసిపోయింది. 'ఇండ్లు', 'కండ్లు' వ్యాకరణ గ్రంథాలు ఎరిగిన రూపాలు. 'ఇళ్లు', 'కళ్లు' వాటి నుంచి తరవాత మారినవి. 'ఏడ', 'ఆడ', 'ఈడ' కావ్యభాషకు కొత్తవి కావు. అంటే ప్రాచీనతే ప్రమాణమైతే, దిద్దవలసింది చాలాచోట్ల ప్రామాణిక రూపాన్నే. ఇక్కడ 'మా మాటే ప్రాచీనం, కాబట్టి మాదే గొప్ప' అనే వాదన చేయడం నా అభిమతం కాదు. ఆ వాదన ఈ ప్రాంతపు సభలలో తరచూ వినిపిస్తుంది, చప్పట్లూ పొందుతుంది. కాని ప్రాచీనత గౌరవానికి ఆధారమైతే రేపు మరొక ప్రాంతం నుంచి మరింత పాత రూపం బయటపడినప్పుడు మన గౌరవం పోవలసి వస్తుంది. పై ఉదాహరణలు నిరూపించేది ఒక్కటే: ప్రామాణిక రూపం భాషా నియమం వల్ల ప్రామాణికం కాలేదు. ఎవరి చేతిలో ముద్రణాలయాలు, పత్రికలు, పాఠ్యపుస్తక సంఘాలు ఉన్నాయో వారి మాట ప్రామాణికమైంది.

ఈ చరిత్ర మనకు తెలిసినదే. గిడుగు రామమూర్తి 1913లో ప్రకటించిన మెమొరాండం మొదలు వ్యావహారిక భాషోద్యమం గ్రాంథికపు కట్లు తెంచింది. అది తెలుగు విద్యార్థికి చేసిన మేలు సామాన్యమైనది కాదు. అయితే వ్యావహారికం అన్నప్పుడు స్థిరపడినది శిష్ట వ్యావహారికం. శిష్టుడెవరు అన్న ప్రశ్నకు కాలక్రమంలో దొరికిన జవాబు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల విద్యావంతుడు. గ్రాంథికం అందరికీ సమానంగా పరాయిది. దాన్ని తెనాలి పిల్లవాడూ నేర్చుకోవాలి, పులివెందుల పిల్లవాడూ నేర్చుకోవాలి. శిష్ట వ్యావహారికం వచ్చాక తెనాలి పిల్లవాడి శ్రమ బాగా తగ్గింది, పులివెందుల పిల్లవాడి శ్రమ అంతగా తగ్గలేదు. పైగా గ్రాంథికం రాకపోతే 'చదువు రాలేదు' అనేవారు. వ్యావహారికం తప్పితే 'మాట్లాడటం రాదు' అంటున్నారు. రెండవ మాట మనిషికి మరింత దగ్గరగా తగులుతుంది.

మాండలికాలను తక్కువ చేయకుండా సేకరించిన ప్రయత్నాలు లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. 1971లో వచ్చిన రెండవది చేనేత పదాలది. భారతీయ భాషలలో ఆ తరహా పనికి అది మార్గదర్శకం. తెలుగు నేలను పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా చూసే పద్ధతి ఆ కృషి వల్ల స్థిరపడినదే. రాయలసీమ, నెల్లూరు ప్రాంతాలు దక్షిణ మండలంలోకి వస్తాయి. ఇందులో నాకు విలువైనదిగా తోచేది దిక్కుల పేర్లు పెట్టడంలోని సమదృష్టి. కృష్ణా-గుంటూరు ప్రాంతం కూడా అక్కడ ఒక మండలమే, మధ్య మండలం. దానికీ సరిహద్దులున్నాయి, దాని మాటలకూ 'ఎక్కడ' అన్న ప్రశ్న వర్తిస్తుంది. తరవాతి మన వాడుకలో ఆ సమదృష్టి నిలవలేదు. సీమ యాస, తెలంగాణ యాస, ఉత్తరాంధ్ర యాస అంటాం. మధ్య మండలపు మాటను మాత్రం 'తెలుగు' అంటాం.

అంతకు ముందటి మాట కూడా ఒకటి చెప్పుకోవాలి. కడపలో కొలువు చేసి తెలుగు నేర్చిన సి.పి. బ్రౌన్ 1852లో నిఘంటువు ప్రకటించి, కచేరీలోనూ అంగడిలోనూ వాడుకలో ఉన్న అన్యదేశ్యాలను 1854లో మిశ్రభాషా నిఘంటువుగా విడిగా అచ్చువేశాడు. ఆ పదాలకు ఒక పుస్తకం కేటాయించడం ఆదరమే. కాని విడి పుస్తకం కావడం వల్ల అవి అసలు ఇంట్లోకి కాక వసారాలోకి మాత్రమే వచ్చాయి. సేకరించడం, చేర్చుకోవడం ఒకటి కావన్నది ఇక్కడే తెలుస్తుంది. మెకంజీ కాలంలో ఈ జిల్లా గ్రామాల నుంచి సేకరించిన కైఫియత్తులు ఇందుకు భిన్నమైనవి. స్థానికులు తమ ఊరి సంగతులను తమకు వచ్చిన వచనంలో రాయించి ఇచ్చారు. తమ మాటకు పక్కన అర్థం రాయాలన్న ఆలోచన వారికి తోచినట్లు కనిపించదు.

ఇప్పుడు పటం సంగతి. మూడు పట్టణాలనూ కలిపి 'కడప మాండలికం' అనడం సౌకర్యమే తప్ప సత్యం కాదు. ప్రొద్దుటూరు బంగారపు అంగళ్ల ఊరు, పత్తి వ్యాపారపు ఊరు, మగ్గాల ఊరు. వర్తకుల లెక్కల మాట, పడుగు-పేక-నాడెల మాట, ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవారి తెలుగు, అన్నీ ఒకే వీధిలో వినవచ్చు. జమ్మలమడుగు పెన్న ఒడ్డున, నల్లరేగడి పొలాల మధ్య ఉన్నది. అక్కడి సేద్యపు మాటలు కోవెలకుంట్ల, తాడిపత్రి వైపు మాటలతో కలిసిపోతాయి. పులివెందుల పరిసరాలలో శెనక్కాయ చేన్లు, చీనీ తోటలు. అక్కడి నుంచి దక్షిణంగా కదిరి వైపు పోయేవాడికి ఏ మైలురాయి దగ్గర కడప మాట ముగిసి అనంతపురం మాట మొదలైందో తెలియదు. జిల్లా హద్దు రెవిన్యూ శాఖ గీసినది. మాట దాన్ని గుర్తించదు. రాయలసీమ అన్న పేరే 1928 నవంబరులో నంద్యాల సభలో 'దత్తమండలం' అన్న అవమానకరమైన పేరుకు బదులుగా వచ్చింది. దాన్ని సూచించినవారిగా చెప్పే చిలుకూరి నారాయణరావు భాషాచరిత్రకారుడు కావడం గమనింపదగినది. 'సీమ యాస' అని మనం సహజంగా అనుకునే సముదాయానికి పేరు వచ్చి నూరేళ్లు కూడా కాలేదు.

పటం దాచే మరొక సంగతి ఇంతకన్నా ముఖ్యమైనది. 'ఇక్కడ ఇలా అంటారు' అని రాసినప్పుడు ఎవరు, ఎవరితో అన్న వివరం జారిపోతుంది. పల్లెలో ఒకే క్రియారూపాన్ని భూస్వామీ వాడతాడు, అతని పొలంలో పనిచేసే కూలీ వాడతాడు. కాని వయసులో పెద్దవాడైన కూలీని ఏకవచనంతో పిలిచే హక్కు ఎవరికుండేదో, బదులు చెప్పేటప్పుడు బహువచనం వాడవలసిన బాధ్యత ఎవరి మీద ఉండేదో పదాల పట్టిక చెప్పదు. 1999లో 'సమరసింహారెడ్డి' విజయం తరవాత వరుసగా వచ్చిన ఫ్యాక్షన్ చిత్రాలు సీమ మాటను లోకమంతా వినిపించాయి. అవి వినిపించినది పెద్ద ఇంటి గొంతు. అదీ ఆజ్ఞలోనో బెదిరింపులోనో. మగ్గం గుంటలో కూర్చున్నవాడి మాట, శెనక్కాయలు ఒలిచే ఆడవారి మాట అందులో లేదు. అందువల్ల మాండలికానికి న్యాయం చేయాలనే వాదన, మాండలికం లోపలి అన్యాయాలకు కప్పు కాకూడదు. ప్రామాణిక భాషను తప్పుపట్టే మనం, ప్రామాణిక సీమభాష అనే మరొక దాన్ని మనసులో తయారు చేసుకుంటే జరిగేది అదే.

మరి ఏం చేయాలి? కొందరికి తట్టే పరిష్కారం మాండలికానికే భాష అన్న హోదా ఇవ్వడం. ఈ దారిలో చాలా దూరం నడిచిన ఉదాహరణ పంజాబీ. అమృతసర్, లాహోర్ల చుట్టూ మాఝీ. లుధియానా, భటిండా వైపు మల్వాయీ. జలంధర్, హోషియార్‌పుర్ల దోఆబాలో దోఆబీ. రోపడ్, అంబాలా వైపు పుఆధీ. రావల్పిండి పీఠభూమిలో పోఠోహారీ. ముల్తాను, బహావల్పుర్లలో నేడు సరాయికీ అని పిలిచే మాట. వీటిలో ప్రామాణికానికి పునాది మాఝీ. గ్రియర్సన్ తన భాషా సర్వేక్షణలో పడమటి రూపాలను పంజాబీ నుంచి విడదీసి 'లహందా' అని పేరు పెట్టాడు. లహందా అంటే పడమర. అక్కడివారు తమ మాటను ఆ పేరుతో పిలుచుకోలేదు. డోగ్రీని మాత్రం ఆయన పంజాబీలోనే ఉంచాడు. తరవాతి చరిత్ర ఆయన గీతలను అక్కడక్కడా ఆమోదించింది, అక్కడక్కడా చెరిపింది. పాకిస్తాను 1981 జనగణనలో సరాయికీని, హిందుకోను విడి భాషలుగా లెక్కించారు. డోగ్రీని కేంద్ర సాహిత్య అకాడమీ 1969లో గుర్తించింది. 2003లో రాజ్యాంగ సవరణ ద్వారా అది ఎనిమిదవ షెడ్యూలులో చేరింది.

ఆ సర్వేక్షణ పరిధిలోకి మద్రాసు రాజధాని రాలేదు. తెలుగు మాండలికాలకు ఆనాడు అటువంటి గీతలు పడకపోవడం అదృష్టమో దురదృష్టమో చెప్పడం కష్టం. పంజాబీ అనుభవం నుంచి నేను గ్రహించేది ఇది. కొత్త భాషగా గుర్తింపు పొందిన మాటకు గౌరవం వచ్చిన మాట నిజం. డోగ్రీలో రాసేవాడు నేడు ఎవరి అనుమతీ కోరనక్కరలేదు. అయితే భాష అయిన వెంటనే దానికీ ఒక ప్రామాణికం కావాలి, ఒక లిపి నిర్ణయం కావాలి, పాఠ్యపుస్తకం కావాలి. అప్పుడు కొత్త రాజధాని మాట ఒకటి, దాని అంచున కొత్త యాసలు కొన్ని పుడతాయి. కడప మాటను వేరు భాషగా ఊహిస్తే పులివెందుల దానికి కేంద్రమా, ప్రొద్దుటూరా, కడప పట్టణమా? ఈ ప్రశ్న అడగగానే సమస్య పరిష్కారం కాలేదనీ, ఇల్లు మారిందనీ తెలుస్తుంది. వేరు భాష కావాలని ఇక్కడ ఎవరూ కోరడమూ లేదు. తమది తెలుగు అన్న విషయంలో రేనాటివారికి సందేహం ఎన్నడూ కలగలేదు.

రెండవ పరిష్కారం దీనికి వ్యతిరేక దిశలోనిది: పిల్లలకు ప్రామాణిక భాష గట్టిగా నేర్పి పోటీకి సిద్ధం చేయడమే న్యాయమన్నది. దీన్ని తేలికగా తోసిపుచ్చలేము. ఈ మాట చెప్పేవారిలో అధికులు మాండలికాన్ని చిన్నచూపు చూసేవారు కారు. తమ పిల్లలు ఉద్యోగం పొందాలని కోరే పల్లె తల్లిదండ్రులు. వారి ముందు మాండలిక సౌందర్యం గురించి ఉపన్యసించే అధ్యాపకుడు, తన పిల్లలను ఏ మాధ్యమంలో చదివిస్తున్నాడో వారికి తెలుసు. ఉమ్మడి లిఖిత భాష ఉండటంలో అన్యాయం లేదని నేనూ అంగీకరిస్తాను. ఎనిమిది కోట్లమంది ఒకరి రాత ఒకరు చదవాలంటే కొన్ని రూపాల మీద ఒప్పందం తప్పదు.

అన్యాయం ఉన్నది ఒప్పందపు ఖర్చును పంచుకోవడంలో. పులివెందుల విద్యార్థి 'నాగలి' నేర్చుకుంటాడు, 'మోట' నేర్చుకుంటాడు, 'బత్తాయి' నేర్చుకుంటాడు; తన 'మడక'నూ 'కపిల'నూ 'చీనీ'నీ ఇంట్లో ఉంచుకొని వస్తాడు. తెనాలి విద్యార్థి 'మడక' అంటే ఏమిటో ఏ తరగతిలోనూ నేర్చుకోనక్కరలేదు. ఒకరు రెండు తెలుగులు తెలిసినవారైతే, రెండవవారు ఒక్కటే తెలిసినవారు. విద్యను కొలిచేచోట మాత్రం ఒక్కటి తెలిసినవారికే ఎక్కువ మార్కులు. ఒక సంతలో ఇద్దరూ ఒకే సరుకు కొంటూ, ఒకరే సుంకం కట్టడం వంటిది ఇది. సుంకం ఎత్తివేయలేకపోతే ఇద్దరి మీదా వేయడం న్యాయం. అంటే ప్రతి తెలుగు విద్యార్థికీ తన మండలం కాని మరొక మండలపు తెలుగును చదివి అర్థం చేసుకోగల శక్తి ఉండాలి, దాన్ని పాఠ్యప్రణాళికే కోరాలి. సీమ రచయితను చదివించడం ఇక్కడ సీమకు చేసే ఉపకారంగా ఉండదు. కోస్తా విద్యార్థికి ఉన్న లోటును పూరించే పనిగా ఉంటుంది.

ఈ విషయంలో సాహిత్యం కొంత ముందు నడిచింది. కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేసిన కేతు విశ్వనాథరెడ్డి, సొదుం జయరాం, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి వంటివారు ఈ నేల మాటను కథలోకి తెచ్చారు. అయితే ఆధునిక కథలో చిరకాలం ఒక పని విభజన సాగింది. పాత్ర మాండలికంలో మాట్లాడుతుంది, కథకుడు ప్రామాణిక భాషలో చెబుతాడు. అంటే బాధపడటానికి, కోపగించడానికి, నవ్వించడానికి మాండలికం పనికివస్తుంది. ఆలోచించడానికీ తీర్పు చెప్పడానికీ పనికిరాదు. చిత్తూరు జిల్లా నుంచి నామిని సుబ్రహ్మణ్యం నాయుడు కథనాన్ని కూడా ఇంటిమాటలోనే నడిపి ఆ గోడను పగలగొట్టారు. విమర్శ, పరిశోధన ఆ పని ఇంకా మొదలుపెట్టలేదు. ఈ వ్యాసమే అందుకు నిదర్శనం: పులివెందుల మాట గురించిన వాదమంతా మధ్య మండలపు మాటలో సాగుతున్నది.

తెలుగు శాఖల నిత్యకృత్యాలలో ఈ చర్చకు వెంటనే అక్కరకు వచ్చేవి రెండున్నాయి. ఒకటి జవాబు పత్రం. 'ఉండాది' అని రాసిన విద్యార్థికి మార్కు తగ్గించే ముందు, అర్థం చెడిందా, వాక్యం కుంటుపడిందా, లేక కేవలం పరీక్షకుడి చెవికి కొత్తగా ఉన్నదా అని విడదీసి చూసుకోవచ్చు. మొదటి రెండూ దోషాలే. మూడవదాన్ని దోషంగా లెక్కించినప్పుడు తగ్గిన మార్కు విద్యార్థి పుట్టిన ఊరికి పడుతున్నది. 'ఇండ్లు' అన్న రూపాన్ని ఎర్ర సిరాతో కొట్టివేసిన పరీక్షకుడు, మరునాటి తరగతిలో ప్రాచీన వ్యాకరణం చెబుతూ అదే రూపాన్ని సాధించి చూపడం మన శాఖలలో జరగని పని కాదు.

రెండవది సిద్ధాంత గ్రంథాల చివర చేర్చే మాండలిక పదపట్టిక. సీమ రచయిత మీద పరిశోధన చేసిన ప్రతి గ్రంథంలోనూ మడక అంటే నాగలి, కపిల అంటే మోట, చీనీ అంటే బత్తాయి అని వరుసగా ఉంటుంది. 'చీనీ' పక్కన 'రాయలసీమ మాండలికం' అన్న గుర్తు. 'బత్తాయి' పక్కన ఏమీ ఉండదు. నిజానికి ఒకటి చైనా పేరు నుంచి, మరొకటి బతావియా పేరు నుంచి వచ్చిందంటారు. పరాయితనంలో రెండూ సమానమే. గుంటూరు రచయిత మీద రాసే గ్రంథం చివర నాగలి అంటే మడక, మోట అంటే కపిల, బత్తాయి అంటే చీనీ అని ఒక పట్టిక చేర్చమని పర్యవేక్షకుడు అడిగితే, పరిశోధకుడికి అదనంగా పట్టేది రెండు మూడు పుటలు. ఆ పుటలను జమ్మలమడుగు కళాశాలలో చదివే విద్యార్థి తిరగేస్తాడు.